చిట్టీ మీది తొమ్మిది చుక్కలు

తెలంగాణ వచ్చిన కొత్తలో దేవరకొండలో నాకు సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉండేది. ఫోను వదిలి వెళ్లే ప్రతివాళ్ల ముందూ ఒక చిట్టీ పెట్టి, దాని మీద తొమ్మిది చుక్కలు వేసి, లాక్ తీసే గీత గీయించుకునేవాణ్ణి. పనయ్యాక ఫోను నడుస్తుందో లేదో చూడాలి కదా. ఆ చిట్టీని రబ్బరు బ్యాండుతో ఫోనుకే చుట్టేవాణ్ణి. నా పద్ధతికి నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

ఒకరోజు చీరలు నేసే ఇంటావిడ అద్దం పగిలిన ఫోను ఇచ్చి వెళ్లింది. మర్నాడు అద్దం మార్చడం పూర్తయ్యేసరికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. కాలువ కింద భూములు పోతున్నాయని జరిగిన ధర్నాలో ఆమె తమ్ముడు ఉన్నాడట, ఎక్కడ దాక్కున్నాడో ఫోనులో చూడాలట. ఆమె మీద ఏ కేసూ లేదు. కోర్టు కాగితం ఉందా సార్ అని ఒక్క మాట అడగాల్సింది. తెలియక ఇచ్చానని ఇప్పుడు చెప్పుకుంటే సుఖంగానే ఉంటుంది కానీ, అడగొచ్చని నాకు తెలుసు. అడగలేదు, అంతే. చిట్టీతో సహా ఫోను చేతిలో పెట్టి, పైగా చాయ్ తెప్పించాను.

తమ్ముడి జాడ దొరకలేదు. కానిస్టేబుల్ ఊరుకోక, ఆమె డాక్టరమ్మకు పంపిన మెసేజ్‌లు తెరిచాడు. రొమ్ము ఆపరేషన్ కుట్లు మానుతున్నాయో లేదో చెప్పమని ఆమె పంపిన ఫోటోలు అవి. అతను ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. నేను అతని భుజం వెనకే నిలబడి ఉన్నాను.

చూడటం అయ్యాక ఫోను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం ఆమె వచ్చేసరికే చాయ్ హోటల్ వాళ్లు అంతా చెప్పేశారు.

"కాయిదం తెచ్చిండా అన్నా?" అని అడిగింది.

లేదన్నాను. పోలీసాయన అడిగితే కాదనలేకపోయానని గొణిగాను. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఫోటోలు నువ్వు గూడ చూసినవా?"

"లేదు చెల్లె. నేను పనిల ఉన్న."

ఆమె నమ్మింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. కళ్లు తుడుచుకుని, నేనిచ్చిన ఫోను మళ్లీ నాకే ఇచ్చింది.

"లాక్ మార్చు అన్నా. గాయినకు తెల్సిపాయె గద."

సెట్టింగులు తెరిచి ఫోను ఆమె వైపు తిప్పాను. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నా కళ్ల ముందే కొత్త గీత గీసింది.