చివరి బెండు

పామర్రు దగ్గర కాలువగట్టున పుట్టినవాళ్ళకి ఒక ధీమా ఉంటుంది. వీపున బెండ్లు ఉన్నంతసేపూ నీళ్ళు తమనేం చేయలేవని. ముప్పై ఏళ్ళు వచ్చినా, విజయవాడలో పిల్లలకి ఈత నేర్పే కోచ్ అయినా డయానాని ఆ ధీమా వదల్లేదు. చిన్నప్పుడు తండ్రి జీవరత్నం నీళ్ళలో తేలే ఎండు జీలుగు బెండ్లు ఆమె వీపుకి కట్టి కాలువలోకి తోసేవాడు. పిల్ల కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్చుకున్నకొద్దీ ఒక్కో బెండూ విప్పేసేవాడు. చివరిది విప్పిన రోజున డయానా కసికొద్దీ ఆయన బొటనవేలు కొరికింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళికి వెళ్ళినా, చర్చికి వెళ్ళినా దాన్ని నలుగురికీ చూపించి నవ్వించకుండా ఆయన ఇంటికి రాడు.

మొన్నటి వరదల తరవాత సహాయక బృందంలోకి డైవర్లని తీసుకుంటున్నారని తెలిసి డయానా శిక్షణలో చేరింది. ఆ ఉద్యోగం అంటే ఆమెకి పిచ్చి. మెడలోతు నీళ్ళలో జనం కేకలు వేస్తుంటే మేడమీద నిలబడి చూడాల్సి వచ్చిన రోజుని ఆమె మరిచిపోలేదు.

శిక్షణ ఇబ్రహీంపట్నం అవతల వదిలేసిన రాతి క్వారీలో. నిండా ఆకుపచ్చటి నీళ్ళు, లోపల చెయ్యి చాపితే వేళ్ళు మసగ్గా కనిపిస్తాయి. నేర్పేది శరత్‌చంద్ర గారు, నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. మెచ్చుకోలు ఆయన నోట వినాలంటే చెవులు కాయలు కాయాల్సిందే. తోటి విద్యార్థిని శ్రీజ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఉద్యోగి. స్విమ్మింగ్ పూల్ తప్ప వేరే నీళ్ళు ఎరగదు.

మొదటి రోజు ఇద్దరికీ వీపున స్టీలు పలక బిగించారు. దానికీ, పీల్చే గాలి ఉండే సిలిండర్‌కీ మధ్య గాలితిత్తి. పలకని బ్యాక్‌ప్లేట్ అనీ, తిత్తిని వింగ్ అనీ అంటారు. ఎడమ భుజం మీంచి వచ్చే గొట్టానికి రెండు బటన్లు ఉంటాయి. ఒకటి నొక్కితే తిత్తిలోకి గాలి వస్తుంది, గొట్టం పైకెత్తి రెండోది నొక్కితే పోతుంది. అంతా చూసి శ్రీజ డయానా వైపు తిరిగింది.

"భయంగా ఉందక్కా."

"ఎందుకే భయం? వీపున బెండ్లు కట్టారనుకో. మునిగిపోతున్నట్టు అనిపిస్తే గాలి నింపెయ్, అదే మోస్తుంది" అంది డయానా, పెద్దగా తెలిసినదానిలాగా.

ఆ మధ్యాహ్నం శ్రీజ తలనొప్పని ముందే వెళ్ళిపోయింది. డయానా లోపలికి దిగి, ఇంకా కిందికి పోతున్నట్టనిపించి గాలి నింపింది. చాల్లేదనిపించి ఇంకా నింపింది. మరుక్షణం సోడాసీసా గోళీలా పైకి తన్నుకొచ్చింది. ముక్కులోంచి రక్తం కారింది.

మాస్టారు మండిపడ్డాడు. "ఇది బెండు కాదమ్మా! పైకి వచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి తిత్తిలో గాలి ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ ఇంకా జోరుగా లాగుతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టావా, ఊపిరితిత్తులు చిరిగి చస్తావు. ఇంకోసారి ఇలా ఎగిరొస్తే ఇంటికెళ్ళిపో."

ఆ మాట డయానా ఎముకల్లోకి ఇంకింది. కానీ శ్రీజకి తాను చెప్పిన సలహా వెనక్కి తీసుకోవాలని ఆమెకి తోచనే లేదు. మాస్టారు శ్రీజకీ అదే పాఠం చెప్పాడు, ఆ పిల్ల రాసుకుంది కూడా. ఏం లాభం? ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషికి గుర్తొచ్చేది పాఠం కాదు, మొదట ధైర్యం చెప్పినవాళ్ళ మాట.

పరీక్ష రోజు వచ్చింది. తాడు వెంట అడుగుదాకా దిగాలి, తిరిగి వస్తూ మధ్యలో ఆగి గాలిలో గద్దలా కదలకుండా నిలవాలి. తాడు ముట్టుకుంటే పరీక్ష పోయినట్టే. మాస్టారు అడుగున టార్చితో ఉన్నాడు. ఇద్దరూ అడుగు తాకి పైకి వస్తూ ఆగారు. డయానా నిలిచింది. ఊపిరి తీస్తే కొంచెం లేస్తోంది, వదిలితే కొంచెం దిగుతోంది. ఇంత బావుంటుందా అనుకుంది.

అప్పుడే పక్కన శ్రీజ కళ్ళద్దంలోకి నీళ్ళు వచ్చాయి. ఆ పిల్ల కాళ్ళు తపతపా కొట్టింది, చెయ్యి గొట్టాన్ని పట్టుకుంది, బొటనవేలు బటన్ మీద బిగుసుకుపోయింది. తిత్తి ఉబ్బింది. శ్రీజ లేవసాగింది.

డయానా ఆమె నోటివైపు చూసింది. బుడగలు లేవు. ఊపిరి బిగబట్టేసింది.

డయానా ఆమె నడుం పట్టీ అందుకుంది. ఇద్దరూ కలిసి లేస్తున్నారు, తన తిత్తి కూడా ఉబ్బుతోంది. ఉన్నవి రెండే చేతులు. ఇక ఆలోచించలేదు, తాడుని రెండు కాళ్ళతో పెనవేసుకుంది. పరీక్ష పోయిందని ఆ క్షణంలోనే తెలుసు. పిడికిలితో శ్రీజ డొక్కలో ఒక్కటి పొడిచింది. బుడగలు భళ్ళున బయటికొచ్చాయి. గొట్టం లాక్కోబోతే శ్రీజ వదల్లేదు. గోళ్ళతో మణికట్టు చీరేసింది, అద్దం వెనక కళ్ళు బతిమాలాయి. వద్దక్కా, ఇదొక్కటే నన్ను మోస్తోంది అన్నట్టు. డయానా ఒక్కో వేలూ విప్పి, గొట్టం పైకెత్తి గాలంతా వదిలేసింది. తాడు మీద కాళ్ళ పట్టు మాత్రం జారలేదు. కింది నుంచి మాస్టారి టార్చి వచ్చి చేరింది.

గట్టుమీద శ్రీజ వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎందుకు లాక్కున్నావక్కా? గాలి నింపమని నువ్వేగా చెప్పావ్!"

మాస్టారు తలెత్తి చూశాడు. డయానా నోరు మూసుకుని ఊరుకోవచ్చు, భయంలో పిల్ల ఏదో అంటోందని ఆయన సరిపెట్టుకునేవాడు. ఆమె వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నిజమేనండి. తను చేసిన తప్పేం లేదు. మొదటి రోజు నేనే చెప్పానండి, బెండ్లనుకోమని."

ఆయన సిలిండర్ తుడవడం మొదలుపెట్టాడు. "బృందంలో నీ మాట నమ్మి నీళ్ళలోకి దిగేవాళ్ళుంటారమ్మా. ఈసారి నీ పేరు పంపను. మళ్ళీ మొదటి పాఠం నుంచి రా. కాళ్ళతో తాడు పట్టావు చూడు, అది మాత్రం బానే ఉంది."

సాయంత్రం బస్సెక్కి డయానా పామర్రు వెళ్ళింది. మణికట్టు చూసి జీవరత్నం కంగారుపడ్డాడు.

"ఏంటమ్మా అది? పిల్లి గానీ గీరిందా?"

"కాదు నాన్నా. ఒకమ్మాయి బెండు విప్పాను."

ఆయన నవ్వలేదు. కొబ్బరినూనె తెచ్చి గీతల మీద రాశాడు. రాస్తున్న బొటనవేలి మీద పాత మచ్చ తెల్లగా కనిపించింది.

"నన్ను కొరికాక నువ్వు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు నువ్వే వచ్చి కాలవకి పోదాం పద అన్నావ్" అన్నాడు.

డయానా శ్రీజకి ఫోన్ చేసింది. రింగవుతూనే ఉంది, ఎత్తలేదు. ఎల్లుండి మళ్ళీ చేద్దామనుకుంది.