దోసిళ్ల దూరం

విమానాశ్రయం వెనక సరకుల షెడ్డులో చేపల పెట్టెలకు ఐసు నింపే ఆయన్ని అందరూ ఐసు మావయ్య అంటారు. సొంత మేనల్లుడు ఒక్కడూ లేడు గానీ షెడ్డంతటికీ మావయ్యే.

ఆయన దూరాన్ని మైళ్లలో చెప్పడు. విమానం గాల్లో ఉండే గంటకో దోసెడు ఐసు, దారిఖర్చుకని పైన ఇంకో దోసెడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా ఫలానా ఊరెంత దూరమని అడిగితే నాలుగు దోసిళ్లనో, ఆరనో అనేవాడు. మరి మీ ఇల్లెంత దూరమని లోడింగువాళ్లు ఏడిపిస్తే, మీ అత్తయ్య కోపంగా ఉన్న రోజు ఎంత ఐసైనా చాలదురా అని నవ్వేవాడు.

చెల్లెలుండే ఊరి లెక్క మాత్రం ఆయనకు తెలియదు. అది సముద్రం ఒడ్డు ఊరు. చేపలున్న చోటికి చేపలెవరు పంపుతారు?

ఆ చెల్లెలు మంచాన పడింది. ఒక ఇంజెక్షన్ వెంటనే పడితే నిలబడొచ్చన్నాడు డాక్టరు. అది అక్కడ దొరకలేదు. ఐసు మావయ్య కాళ్లరిగేలా తిరిగితే ఇక్కడ ఒకే ఒక్కటి దొరికింది. చల్లగా ఉంచాలి, గడ్డకడితే మాత్రం పనికిరాదని షాపాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. విమానంలో సీటు లేదు, పెట్టె మటుకే వెళ్తుంది. బుకింగ్ అమ్మాయిని అడిగితే డైరెక్ట్ విమానమే, గాల్లో ఉండేది రెండు గంటలంది. ఆయన రెండు దోసిళ్లు వేశాడు. గడ్డకడుతుందన్న భయంతో దారిఖర్చు దోసెడు వెయ్యలేదు.

సాయంత్రం చెల్లెలి భర్త ఫోన్ చేశాడు.

"బావా, పెట్టె అందింది. లోపలన్నీ నీళ్లే."

"చల్లగా ఉన్నాయా?"

అవతల నీళ్లు కదిపిన చప్పుడైంది.

"గోరువెచ్చగా ఉన్నాయి బావా."

విమానం మధ్యలో ఒక ఊళ్లో దిగిందని తర్వాత తెలిసింది. వేరే సరకు ఎక్కించేదాకా పెట్టెను దించి ఎండలో పెట్టారు.

ఐసు మావయ్య బుకింగ్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. "డైరెక్ట్ అన్నావు కదమ్మా."

"డైరెక్టే కదా మావయ్యా. విమానం మారక్కర్లేదు. దారిలో ఆగుతుంది, అంతే. ఆగకుండా పోయేదాన్ని నాన్‌స్టాప్ అంటారు."

ఆయన తలూపి వచ్చేశాడు.

రెండో ఇంజెక్షన్ ఎక్కడా దొరకలేదు. ఇక చూడాల్సినవాళ్లు వచ్చి చూసిపోవడమేనని అక్కడి డాక్టరు చెప్పేశాడు. చెల్లెలు ఫోన్లో, గొంతు పీలగా, "అన్నయ్యా, సముద్రమున్న ఊరికి నీళ్లు పంపావేంటి?" అంది. ఆ ఇంట్లో వేళాకోళం ఎప్పుడూ ఆమెదే. ఆయనకు నవ్వు రాలేదు.

ఆ వారంలోనే సీటు దొరికింది. అదే విమానం. మధ్య ఊళ్లో ఆగి తలుపు తీయగానే వేడి లోపలికి కొట్టింది. ఇంకా ఎంత దూరమండీ అని పక్క సీటాయన అడిగాడు. ఐసు మావయ్య అలవాటు కొద్దీ రెండు చేతులూ దోసిలిగా చేర్చి, అలాగే ఒళ్లో పెట్టుకున్నాడు. తలుపు ఇంకా వెయ్యలేదు.