షిగెనో అక్క మంచు తొక్కిన చేను

జపాను ఉత్తరాన ఉన్న మా తొకాచిలో షిగెనో అక్కంత మొండిమనిషిని నేను చూడలేదు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఇంటి వెనకున్న ఎకరం చేను ఒక్కటే. దాన్ని కాస్తా మరిది కింజో నాశనం చేశాడు. ముసురు రోజుల్లో, "తడి ఆరాక రావయ్యా" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా, బంగాళాదుంపలు తవ్వే కొండంత యంత్రాన్ని ఆ చేను మీదుగానే తన పొలానికి తోలాడు. నేల అణిగి బిగుసుకుపోయింది. వాన నీరు ఇంకేది కాదు. ముల్లంగి వేస్తే జానెడు దిగి, గట్టి పొర తగిలి, రెండుగా చీలి వంకర తిరిగేది.

రెండేళ్ళు పంట పోయింది. పైగా వాడే వచ్చి, "ఇందులో ఇంకేం పండుతుంది వదినా? నాకిచ్చెయ్, యంత్రాలు పెట్టుకుంటా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకొక్క పంట చూడు. అదీ వంకరగా వస్తే తీసుకో" అంది అక్క.

ఆ చలికాలం మంచు పడగానే, గడ్డి చెప్పులు కట్టుకుని చేనంతా తొక్కడం మొదలుపెట్టింది. మెత్తటి మంచు దుప్పటిలా నేలను కాస్తుంది; అది అణిగితే చలి నేల లోపలికి దిగుతుంది. తవ్వగా నేలలో మిగిలిన దుంపలు మళ్ళీ మొలవకుండా చావాలని మేమంతా ట్రాక్టర్లతో అలాగే తొక్కిస్తాం. అక్క చేనులో దుంపలెక్కడివి?

"పిచ్చా అక్కా నీకు?" అన్నాను.

"నిరుడు మా వంటింట్లో గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి ఏమైంది?"

"గొట్టం పగిలింది."

"ఇనుమే పగిలితే మట్టి పగలదుటే? నోరు మూసుకుని తొక్కు."

మంచు పడ్డప్పుడల్లా ఇద్దరం తొక్కాం. కింజో ట్రాక్టరు ఆపి, "ఈ వయసులో డాన్సు నేర్చుకుంటున్నావా వదినా?" అని పళ్ళికిలించేవాడు.

"నువ్వు నా చేనులో అడుగు పెట్టకుంటే చాలు, పోవయ్యా!"

వసంతంలో మంచు కరిగింది. చుట్టుపక్కల చేలల్లో నీళ్ళు నిలిచాయి. అక్క చేను గటగటా తాగేసింది. పార దింపితే పిడి దాకా దిగింది. అక్క అక్కడే చతికిలబడి ఏడ్చేసింది.

ముల్లంగి పీకే రోజున కింజో చేతులు కట్టుకుని వచ్చాడు.

"నువ్వే పీకి చూసుకో" అంది అక్క.

ఒంటిచేత్తో లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగి వెల్లకిలా పడ్డాడు. గుండెల మీద మూరెడు ముల్లంగి, తిన్నగా, తెల్లగా! ఇంకోటి పీకాడు. అదీ తిన్ననిదే. వరస చివరికి వచ్చేసరికి ముఖం మాడిపోయింది.

ఏనాడూ ఆమె ముందు తల వంచనివాడు నడుం దాకా వంగాడు. "చేను నీదే వదినా. తప్పు నాది."

"తడి నేల మీదికి ఇక యంత్రం దింపనని చెప్పు."

"దింపను."

అబ్బ, నా ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఏడుపూ నవ్వూ ఆగక గట్టు మీద కూలబడ్డాను. అక్క మాత్రం అప్పుడే పక్క మొక్క పట్టుకుంది.

"కూర్చున్నది చాలు, బుట్ట పట్రా."