కాకులకు పెట్టిన రావిపండ్లు

తొంభై రెండో, మూడో సంవత్సరం. మనలి వెళ్లే సిటీ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన టిఫిన్ డబ్బా తెరిచి, అన్నంలో రావిపండ్లు చిదిమి కలుపుతున్నాడు.

"ఎవరికి తాతా?" అన్నాను.

"కాకులకమ్మా. ఇరవై ఏండ్లు నేను నీళ్లు పోసిన పార్కులో చెట్లన్నీ నరికి, ఒకడు ఆడ ఫ్లాట్లు కట్టినాడు. వాడి గోడమీద దినామూ పెడతా ఉండా. కాకికి కూడు పెడితే ఎవరూ వద్దనరు. అవి తిని ఆ గోడలమీదనే రెట్టలేస్తాయి, సందుల్లో రావి మొలుస్తుంది. వేరు దిగిందంటే సిమెంటు చీలాల్సిందే. రావిని నరికే పాపానికి కూలోడు గూడా రాడు."

బొటనవేలితో ఇంకో పండు చిదిమి నవ్వాడు.

పిచ్చి ముసలాయన అనుకున్నాను.

నాలుగేళ్లకు మా పేట పార్కులోకి బుల్డోజరు వచ్చింది. మర్నాడు పొద్దున్నే రావిపండ్లు ఏరుకోవడానికి బయల్దేరాను.