పెద్దమ్మ మెడా, ఇద్దరు డాక్టర్లూ

బర్మాలో, బోటాటౌంగ్ పేటలో మా పప్పుల దుకాణం వెనక గదిలో ఉండే పెద్దమ్మకు ఒక ఉదయం మెడ పట్టేసింది. ఎడమవైపు తిరిగిన తల తిరిగినట్టే ఉండిపోయింది. ఎవరితో మాట్లాడాలన్నా మనిషి మొత్తం పక్కకి తిరిగి నిలబడాల్సి వచ్చేది.

ఆ వారం మా వీధి చివరి ధర్మాసుపత్రికి అమెరికా నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. అక్కడికే తీసుకెళ్లాను. మగ డాక్టరు గది ముందు జనం కిటకిటలాడుతున్నారు. తలుపు మీద ఎం.డి. అని ఉంది. పక్క గది తలుపు మీద డి.ఓ. అని ఉంది. అందులో ఉన్న డాక్టరమ్మ ఒళ్లుపట్టే మనిషని ఎవరో పుకారు పుట్టించారట, అక్కడ ఈగ కూడా లేదు.

"ఒలే పిల్లా, నాకు మందిచ్చే డాక్టరు గావాల. ఒల్లు పిసికించుకోడానికి ఇక్కడిదాకా రావాలేటి?" అంది పెద్దమ్మ. అన్నదే గానీ, నిలబడే ఓపిక లేక ఖాళీ గదిలోకే నడిచింది.

డాక్టరమ్మ ముందు గుండె విన్నది, బీపీ చూసింది. తర్వాత తలను రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా కదిలించింది. పెద్దమ్మ కళ్లు మూసుకుని దేవుళ్లందరినీ పిలిచింది. తల సగం దాకా తిరిగింది! అప్పుడు డాక్టరమ్మ బీపీ మళ్లీ చూసి, ఎక్కువుందంటూ మాత్రలు రాసింది.

"పిసికే సయామాకి బీపీ గురించి ఏటి తెల్సు? అడుగు."

బర్మాలో డాక్టరమ్మని సయామా అంటాం. నేను కొంచెం మర్యాద కలిపి ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ నవ్వింది. పక్క గది డాక్టరులాగే తనూ వైద్యమంతా చదివిందట. మందులు రాస్తుంది, సూది వేస్తుంది. తనలాంటివాళ్లలో ఆపరేషన్లు చేసేవాళ్లూ ఉన్నారట. డి.ఓ. అంటే ఆ చదువుకి ఎముకల్నీ కండరాల్నీ చేత్తో సరిచేసే విద్య అదనమట.

పెద్దమ్మ నమ్మలేదు. తిన్నగా వెళ్లి పక్క వరసలో నిలబడింది. ఆయన చీటీ చూసి, "నేనైనా ఇదే మాత్ర రాస్తాను" అన్నాడు.

"మరి మెడకి?" అన్నాను.

ఆయన తన మెడ రుద్దుకున్నాడు. "ఆవిడ చెప్పినట్టే చెయ్యండి. విమానంలో నాకూ పట్టేసింది. జనం వెళ్లాక నేనూ ఆవిడకే చూపించుకోవాలి."

అది తెలుగులో చెప్పగానే పెద్దమ్మ "అమ్మో, అమ్మో" అని మెడ పట్టుకుంటూనే పడీపడీ నవ్వింది.

మర్నాటికి వీధిలో ఆడవాళ్లందరినీ పోగేసి డాక్టరమ్మ గదికి తోలుకొచ్చింది. నాకు ఏ నొప్పీ లేదు మొర్రో అంటున్నా వినకుండా నన్నూ వరసలో నిలబెట్టింది.

"నొప్పి లేకపోతే ఏటి? ఊరికే సూపించుకోయే!"