దొరువు పూడ్చిన ఏడాది

ఇరవై ఏళ్ల కిందట బాపట్ల దగ్గర మా పల్లెటూరి ఇల్లు బాగుచేయిస్తూ, పెరట్లోని దొరువును నేనే పూడ్పించాను. ఇసుకలో తవ్విన ఆ లోతులేని గుంటలో తియ్యటి నీళ్లుండేవి. కానీ కొత్త గచ్చు పక్కన అది నాకు నామోషీగా తోచింది. లోతుగా బోరు వేయించబోతే, మా తోటపని చేసే పెద్దాయన అడ్డుపడ్డాడు.

"కిందికెళ్తే ఉప్పు తగులుద్దమ్మా. మంచినీళ్లు పైనే ఉంటాయి."

"నీకేం తెలుసు బాబాయ్, ఊరుకో" అన్నాను.

మా వైపు చలికి మొక్కలు చావవు. ఆ చలికాలం మాత్రం చామంతులు బోరు నీళ్లకు మొగ్గ మీదే మాడిపోయాయి. పెద్దాయన రోజూ పొద్దున్నే తన దొరువు నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి, బతికిన మొక్కలకు పోసేవాడు.

ఆయన వెళ్లేదాకా నేను పెరటి తలుపు తీసేదాన్ని కాదు.