గరుకు బండా, నున్నటి బండా

మా ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అంటారు. అననీ. పెళ్లయినప్పటి నుంచీ గోదావరిఖనిలో గని క్వార్టర్లలోనే ఉన్నదాన్ని, ఇక్కడ ఎవరు ఏ మాట ఎందుకు చెప్తారో నాకు కొంచెం తెలుసు. "రేపటి నుంచి నల్లా బందట" అని పక్కింటామె వచ్చి చెప్పిందంటే, ఆమె డ్రమ్ములు అప్పటికే నిండి ఉన్నాయన్నమాట. పైగా నేను పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు గని కిందకి పోయింది. "మన ఊరికేం గాదు" అని చివరి రోజు దాకా అందరూ మా అమ్మకి చెప్తూనే ఉన్నారు. అందుకని "ఏం గాదు" అని ఎవరైనా అంటే నాకు గుండెలో రాయి పడుతుంది.

మా ఆయన బాయిలో పనిచేస్తాడు. భూమి లోపలికి దిగే గనిని ఇక్కడ బాయి అంటాం. రిటైరైన రోజు క్వార్టరు తాళాలు అప్పజెప్పాలి కాబట్టి ఊరి చివర జాగా కొని ఇల్లు మొదలుపెట్టాం. ఆ ఇంట్లో నాకు కావలసింది ఒక్కటే, మళ్లీ ఎవరూ లేచి పొమ్మనని వంటిల్లు. గేటు డిజైను, గోడల రంగులు, బయటి మెట్లు అన్నీ ఆయనకే వదిలేశాను. పొయ్యి వెనక గోడకి ఏ రాయి, గట్టు మీద ఏ బండ అన్నది మాత్రం నేనే చూసుకుంటానని ముందే చెప్పాను.

చెప్పి ఏం లాభం. చెల్లెలికి ఆపరేషనైతే బెల్లంపల్లి వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చేసరికి, పొయ్యి వెనక గోడ మీదకి రాయి ఎక్కేసి ఉంది. ఇసుకరాయి. తేనె రంగు మీద ఇటుక రంగు చారలు, అక్కడక్కడా సన్నగా మెరిసే రేణువులు. మసాలాలు పెట్టే అల్మారా దాకా గోడంతా పరిచేశారు. బాగుంది. అదే నా అనుమానం. టమాటాలు తెమ్మంటే సగం మెత్తవి తెచ్చే మనిషి ఇంత మంచి రాయి ఎట్లా ఏరాడు?

"ఎవలు చెప్పిన్రు నీకు గీ రాయి?" అని అడిగాను.

"ఎవలు చెప్తరు? మంచిగ కనవడ్డది, తెచ్చిన."

"నేనొచ్చేదాక ఆగరాదా?"

"కాక ఖాళీగ దొరికిండు. మల్ల దొరుకుతడో లేదోనని జల్ది ఏపిచ్చిన."

కాక అంటే మా మేస్త్రీ. ఆ పోయిన మా ఊరివాడే. నన్ను బిడ్డా అంటాడు, మా ఆయన్ని అల్లుడా అంటాడు. ఆ లెక్కన అతను నా మనిషి కావాలి. నేను అతని వైపు చూస్తే తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, శుభ్రంగా ఉన్న తాపీనే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

సరే, గోడ పోయింది. గట్టు మీద బండ అయినా నా చేతిలో ఉంది. నల్లది వేయిద్దామనుకున్నాను, అద్దంలా పాలిష్ పట్టిన నల్ల గ్రానైటు. బొగ్గు ఊళ్లో అందరూ నల్లదే వేయిస్తారు. బొగ్గు దుమ్ము నల్ల బండ మీద కనబడదని లెక్క. మా క్వార్టర్ల దగ్గర ఒక ఇంజినీరుగారి భార్య ఉంది, కోస్తా వైపు మనిషి. ఆమెకి ఫోన్‌లో గోడ ఫోటో పంపిస్తే వెంటనే ఫోన్ చేసింది.

"నల్లది మాత్రం వేయించకండి వదినగారూ. మేం వేయించి చస్తున్నాం. మీ ఊళ్లో పడేది బొగ్గు దుమ్మనుకుంటారు గానీ కాదండీ, మట్టి దుమ్ము. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి ముగ్గు పోసినట్టుంటుంది" అంది.

తనకున్నది నాకు ఉండకూడదని చెప్తోందేమో అనుకున్నాను. ఫోన్ పెట్టేసి కిటికీ గట్టు మీద వేలితో రాసి చూశాను. వేలు నల్లబడలేదు, బూడిద రంగైంది. ఓపెన్‌కాస్టులో బొగ్గు పైన ఉన్న మట్టినీ రాతినీ పేల్చి తీస్తారు కదా, గాలికి ఇళ్ల మీదకి వచ్చేది ఎక్కువగా అదే. ఇన్నేళ్లు ఇక్కడ ఇల్లు ఊడ్చి కూడా నాకు ఆ సంగతి తట్టలేదు. నల్లది వద్దనుకున్నాను.

పెద్దపల్లి దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన గ్రానైటు బండలు నిలబెట్టి అమ్మేచోటుకి ఇద్దరం వెళ్లాం. ఎర్ర గోధుమ రంగు బండ ఒకటి చూపించారు. గోడ మీది రాయి ముక్క సంచిలో తెచ్చుకున్నాను, పక్కన పెట్టి చూస్తే ఇటుక రంగు చారలకి అచ్చంగా సరిపోయింది. అమ్మేవాడు వెంటనే మగ్గుతో నీళ్లు తెచ్చి బండ మీద చల్లాడు. రాయి ఒక్కసారిగా నిగనిగలాడింది.

"తడి బండ నాకెందుకు? ఎండనియ్యి" అన్నాను.

ఎండేదాకా అక్కడే నిలబడ్డాను. మా ఆయన పొద్దు చూసుకుంటున్నాడు. ఎండాక నిమ్మకాయ కోసి రుద్ది, తెల్ల గుడ్డతో తుడిచాను. కొన్నిచోట్ల లేత రాళ్లకి రంగు పూసి అమ్ముతారని విన్నాను మరి. గుడ్డకి ఏ రంగూ అంటలేదు. అంటనందుకు కూడా నాకు కొంచెం అసంతృప్తిగానే ఉంది.

అదే బండ రెండు రకాల్లో ఉంది. ఒకటి మొహం కనబడే పాలిష్. రెండోది లెదర్ ఫినిష్ అన్నారు. మెరుపు ఉండదు, చెయ్యి పెడితే తోలు మీద పెట్టినట్టు సన్నగా గరుకు తగులుతుంది. నా మనసు పాలిష్ మీదే ఉంది. క్వార్టరులో సిమెంటు గట్టు మీద ఇన్నేళ్లు వండిన మనిషికి మెరుపు కావాలనిపించదా? మా ఆయన మాత్రం గరుకుదాని దగ్గర నుంచి కదలడే.

"బ్లాస్టింగ్ అయితే నున్నటి దాని మీద గిన్నెలు జారుతయి. గరుకుదైతే పట్టుకుంటది. గోడ రాయి గూడ గరుకే, రెండు కలుస్తయి" అన్నాడు.

పెళ్లయ్యాక వంటింటి గురించి ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. ఈ షాపువాడు ఈయనకేమైనా చుట్టమా అని ఇద్దరి మొహాలూ చూశాను. నేను అటు తిరగగానే మా ఆయన గొంతు తగ్గించి, "బండను రెండు ముక్కలుగ కోసిస్తరా?" అని అడిగాడు.

"ఎందుకు రెండు ముక్కలు? మధ్యల అతుకు పడదా?" అన్నాను.

"బరువుంటది గదా."

"నలుగురు మోస్తరు. దర్వాజ పెద్దగనే ఉన్నది."

చల్లకొచ్చి ముంత దాచినట్టుంది ఈయన వ్యవహారం అనుకున్నాను. బండ ఒకే ముక్కగా కావాలని గట్టిగా చెప్పి, రెండు రకాల్లో చెరో చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చాను. గిన్నెలు జారతాయో లేదో నేనే చూడదలుచుకున్నాను.

మధ్యాహ్నం పేలుడుకి ముందు గని సైరన్ మోగితే ఇక్కడి ఆడవాళ్లం చేతిలో పని వదిలేసి గాజు సామాను మీద చెయ్యి వేస్తాం. ఎవరూ నేర్పింది కాదు, అలవాటైపోయింది. మర్నాడు కొత్తింట్లో ఇటుక గట్టు మీద రెండు ముక్కలూ పరిచి, రెండింటి మీదా స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టాను. ఆయన నున్నటి ముక్క కింద ఏదైనా పెంకు దోపాడేమోనని ఎత్తి చూశాను. లేదు. అయినా రెండు ముక్కల చోట్లూ మార్చాను.

"నా మీద గింత గూడ నమ్మకం లేదా?" అన్నాడు.

"గ్లాసుల మీదున్నది" అన్నాను.

సైరన్ అయ్యాక కాసేపటికి నేల కింద నుంచి దెబ్బ వచ్చింది. కిటికీ చువ్వలు జుయ్యిమన్నాయి. గరుకు ముక్క మీది గ్లాసులో నీళ్లు వణికాయి, గ్లాసు మాత్రం కదల్లేదు. నున్నటి దాని మీది గ్లాసు మెల్లగా అంచు వైపు జరిగింది. ఆయన చెప్పిందే నిజం. మామూలుగా అయితే ఇట్లాంటి చోట ఆయన వారం రోజులు నన్ను దెప్పుతాడు. ఆ రోజు గ్లాసుల వైపు చూడనే లేదు. కిటికీలోంచి ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల వైపు చూస్తున్నాడు.

"మొన్నటికన్న దగ్గరికొచ్చింది" అన్నాడు తనలో తాను.

"ఏంది దగ్గరికొచ్చింది?"

"ఏం గాదు."

ఆ మాట అనకపోయినా బాగుండేది. మా అమ్మకి చెప్పిన మాట అది. ఈ ఇంటికి ఏదో ఉంది, అది ఈయనకి తెలుసు, నాకు చెప్పడం లేదు. అప్పటి నుంచి ఆయన ఫోన్ మోగితే చెవి అటే పెట్టేదాన్ని. డ్యూటీ నుంచి ఆలస్యమైతే ఏ దారిన వచ్చాడో అడిగేదాన్ని. ఏమీ దొరకలేదు.

బండ వచ్చిన రోజు దొరికింది. గరుకుదే తెప్పించాను, ఒకే ముక్క. నలుగురు మోసి గట్టు పక్కన ఆనించి వెళ్లిపోయారు. మా ఆయన ఇంకా ఫస్టు షిఫ్టు నుంచి రాలేదు. కాక తన సంచిలోంచి సిలికాన్ గొట్టాలు తీసి వరుసగా పెడుతున్నాడు. అద్దాలు అతికించే బంక అది.

"కాకా, సిమెంటేది?"

"అక్కర లేదు బిడ్డా. నాలుగు మూలలకు బంక పెడితే సాలు. బరువుకు బండ అదే కూసుంటది."

"ఎవలన్నరు?"

"అల్లుడే."

నాకు ఒక్కసారిగా గోడ మీద అనుమానం వచ్చింది. దగ్గరికి వెళ్లి ఇసుకరాయి పలకల మూలలు గోరుతో గీరాను. రాతిపొడి రాలి కింద మరమేకు తల బయటపడింది. ఇంకో పలక చూశాను, దానికీ అంతే. గోడకి ఇనుప చట్రం కొట్టి, దాని మీద రాళ్లన్నీ మరలతో బిగించారు. ఎక్కడా సిమెంటు లేదు. మరలు విప్పితే గోడంతా గంటలో ఊడి చేతికొస్తుంది.

"కాకా, నువ్వు మన ఊరోనివి. ఏందిది?" అన్నాను.

కాక గొంతుక్కూర్చున్నాడు. "నన్నడుగకు బిడ్డా. మన ఊళ్లె నేను కట్టిన ఇండ్లు ఒక్కటి మిగల్లె. ఊడదీసేటట్టు కట్టు కాకా అని అల్లుడంటే, మంచిదేనాయె అనుకున్న."

అప్పుడే మా ఆయన వచ్చాడు. కళ్ల చుట్టూ ఇంకా బొగ్గు కాటుకలా ఉంది. గోడ మీద గీరిన చోటు చూశాడు, నా మొహం చూశాడు. అడిగించుకోకుండానే చెప్పాడు.

"మన ఎనక ఇండ్ల లైను దాటినంక ఓపెన్‌కాస్టు సర్వేవాళ్లు వచ్చి హద్దు రాళ్లకు రంగు పెట్టి పోయిన్రు. కాయితం ఏం రాలె. వస్తదో రాదో ఎవ్వనికి తెల్వది."

"ఎప్పటి సంది ఎర్క నీకు?"

"స్లాబు ఏసినప్పటి సంది."

అన్నాళ్లు పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి. "నాకు చెప్పాల్నని లేకపాయె?" అన్నాను.

"చెప్తే అన్నీ ఆపేద్దామంటుంటివి. నీకు వంటిల్లు కావాలె గదా" అన్నాడు. గోడ కింద రాలిన రాతిపొడిని చేత్తో తుడుస్తూ, "పోతే ఇల్లు పోతది, కనీసం రాయి, బండ ఎత్తుకపోదమనుకున్న. బాయిల నా పనే గది. పైకప్పు కూలకుంట ప్రాపులు నిలవెట్టుడు, బొగ్గు తీసినంక అవే ప్రాపులు గుంజుకొని ఎనకకు వచ్చుడు. ఇన్నేండ్లల్ల నేను పెట్టింది ఏదీ ఆడ ఉంచలె. నాకు గట్లనే తోచింది" అన్నాడు.

కోపం పోలేదు గానీ ఆయన్ని చూస్తే జాలేసింది. నాకోసం ఇంత దొంగతనంగా, ఇంత జాగ్రత్తగా మూటగట్టుకుపోయే వంటిల్లు కట్టాడు. నాకు అదే వద్దు.

"మా అమ్మ గూడ ఊరు పోయేటప్పుడు దర్వాజలు ఊడదీసి ట్రాక్టర్ల ఏసుకొచ్చింది. ఏడ పెట్టింది? రేకుల షెడ్డుల గోడకు ఆనిచ్చి పెట్టింది. సచ్చిపోయేదాక వాటిని తుడుసుకుంటనే ఉండె" అన్నాను. "నాకు ఎత్తుకపోయే వంటిల్లు వద్దు. బండ సిమెంటుల కూసోవాలె. లెవ్వుమన్ననాడు వాళ్లే పగలగొట్టుకోనీ. నేనైతే నా చేతులతోటి ఊడదియ్య."

కాక మా ఆయన వైపు చూశాడు. మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అలిగి హోటలు దగ్గర చాయ్ తాగుతూ కూర్చుంటాడు, చీకటి పడ్డాక వస్తాడు, ఈలోగా కాకకి ఫోన్ చేసి బంకే పెట్టమంటాడు అనుకున్నాను. కాక ఫోన్ ఎక్కడుందో చూసి దాని పక్కనే నిలబడ్డాను.

కాసేపటికి గేటు చప్పుడైంది. ఎదురుగా ఇల్లు కడుతున్నవాళ్ల దగ్గర అడిగి, సిమెంటు సంచి భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని వంటింటి గడపలో దించి, అలాగే వంగి ఆయాసపడుతూ నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"కాకా, సిమెంటు జర ఎక్కువ కలుపు" అన్నాడు.